ఊళ్లలో పనిచేసిన డాక్టర్లను గుర్తించాలి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ వైద్యం కోసం చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ (క్రైస్తవ వైద్య కళాశాల) ఆస్పత్రికి చాలాసార్లు తిరిగాను. ఓపీ దగ్గర బెంచీ మీద కూర్చుంటే చుట్టూ సగం మాటలు తెలుగే. అమ్మ టెన్షన్ పడుతుంటే ఒక నర్సమ్మ చెయ్యి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో "భయం లేదమ్మా" అంది. ఆ మాట అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

1900లో ఐడా స్కడర్ అనే అమెరికా డాక్టరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రి అది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల, మారుమూల ప్రాంతాల్లో పనిచేసిన తన పూర్వ విద్యార్థులకు పాల్ హారిసన్ అవార్డు ఇస్తుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

అక్కడ చదివిన రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులనే చూడండి. 1970లో మహారాష్ట్రలోని కరువు ప్రాంతం జామ్‌ఖేడ్‌కు వెళ్లారు. చదువు రాని పల్లె ఆడవాళ్లకే కాన్పులు, పసిబిడ్డల తిండి, శుభ్రత గురించి నేర్పించి ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. వేర్వేరు కులాల వాళ్లు ఒకచోట కూర్చుని నేర్చుకున్నారు, కలిసి తిన్నారు. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. 1979లో ఆ దంపతులకు మెగసెసే అవార్డు వచ్చింది.

మన కాలేజీల్లో పూర్వ విద్యార్థుల సభ అంటే పెద్ద పదవిలో ఉన్నవాళ్లకో, విదేశాల్లో స్థిరపడ్డవాళ్లకో శాలువా కప్పడమే ఎక్కువ. ఏజెన్సీ పీహెచ్‌సీలో ఏళ్ల తరబడి ఉండిపోయిన డాక్టరును, నర్సును కూడా వేదిక మీదికి పిలవండి. మీ పత్రిక కూడా అలాంటివాళ్ల గురించి జిల్లా పేజీలో రాయాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, చిత్తూరు