మారేడు: పండు కాదు, పచ్చికాయ

ప్రియ మిత్రమా,

ఉభయకుశలోపరి. విరేచనాలు ఎంతకూ కట్టడం లేదని, ఎవరో చెబితే రోజూ మారేడు పండు తింటున్నానని నీవు రాసినది చదివి వెంటనే కలం పట్టాను. చెట్టు సరైనదే గాని, నీ బాధకు ఆయుర్వేదం చెప్పినది పండు కాదు, పచ్చికాయ.

ఫలాలన్నీ పండితేనే గుణవంతమని, మారేడు మాత్రం పచ్చిదే శ్రేష్ఠమని భావప్రకాశమనే వైద్యగ్రంథాన్ని రచించిన భావమిశ్రుడు 16వ శతాబ్దంలో స్పష్టంగా రాశాడు. చరక సంహిత మరీ నిక్కచ్చిగా, పండిన మారేడు సులభంగా అరగదని, వాతపిత్తకఫాలనే దోషాలను పెంచి దుర్వాసన గల వాయువును పుట్టిస్తుందని, లేతకాయ మాత్రం జఠరాగ్నిని రగిల్చి కఫవాతాలను అణచుతుందని చెబుతుంది. పచ్చికాయలోని వగరు మలాన్ని కట్టే గుణం కలది. అందుకే దానిని ‘గ్రాహి’ అన్నారు. పండినది తింటే విరేచనం సాఫీగా అవుతుంది కనుక, దానిని మలబద్ధకానికి వాడడం వాడుకలో ఉంది.

ముదరని కాయను అడ్డంగా బిళ్ళలుగా కోసి ఎండబెడతారు. ఎండిన బిళ్ళ అంచున గట్టి పెంకు అలాగే అంటుకొని ఉంటుంది; గోధుమరంగు గుజ్జులో గింజల చుట్టూ పేరుకున్న జిగురు మెరుస్తుంది. అతిసారానికి దీని చూర్ణమో కషాయమో ఇస్తారు. గ్రహణికి, అంటే తిన్నది సరిగా అరగక మాటిమాటికీ విరేచనాలయ్యే దీర్ఘవ్యాధికి, లేతకాయ ముద్దలో శొంఠిపొడి, బెల్లం కలిపి పుచ్చుకొని మజ్జిగ పథ్యం పాటించమన్న యోగం నాకెంతో ఇష్టమైనది, ఎందుకంటే అందులో మందూ ఆహారమూ ఒకే పని చేస్తాయి.

మారేడు వేరు, ఆయుర్వేదం దశమూలాలని కలిపి చెప్పే పది మందువేళ్ళలో ఒకటి. వాతానికి, వాపులకు వాడతారు. అయితే వేరు తవ్వితే చెట్టే పోతుంది కనుక, దాని బదులు కాండం బెరడును వాడేవారూ ఉన్నారు, ఆ పద్ధతే నాకు న్యాయమనిపిస్తుంది. ఆకురసాన్ని మధుమేహానికి చెబుతారు గాని, చక్కెరవ్యాధికి మాత్రలు వేసుకునేవారు వైద్యుణ్ణి అడగకుండా దాని జోలికి పోరాదు.

నీవు ముందుగా పండు మానెయ్యి. జ్వరం వచ్చినా, రక్తం పడినా, నాలుక పిడచకట్టుకుపోతున్నా పచ్చికాయను కూడా నమ్ముకొని కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. అవేవీ లేకపోయినా ఇన్నాళ్ళుగా తగ్గలేదు కాబట్టి, కారణమేమిటో పరీక్ష చేయించుకొని వైద్యుడు ఏమన్నాడో నాకు తప్పక రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు