నీ కొడుకు అడిగిన ప్రశ్న

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. రాత్రి కథ చెప్పబోతే నీ కొడుకు "జరగని విషయాలు వినడం ఎందుకు నాన్నా?" అని అడిగాడనీ, నీకు జవాబు తోచలేదనీ రాశావు. ఆ మాట చదవగానే లేచి వెళ్లి అలమరలోంచి సల్మాన్ రష్దీ నవల "హారూన్ అండ్ ద సీ ఆఫ్ స్టోరీస్" బయటికి తీశాను. 1990లో వెలువడిన ఈ పిల్లల నవలలో అనర్థమంతా సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

దుఃఖంతో తన పేరునే మరిచిపోయిన ఒక ఊళ్లో హారూన్ తండ్రి రషీద్ కథలు చెప్పి బతుకుతుంటాడు. తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయినప్పుడు, ఆ బాధలో, నిజం కాని కథల వల్ల ప్రయోజనమేమిటని హారూన్ తండ్రిని నిలదీస్తాడు. ఆ తరువాత రషీద్ వేదిక ఎక్కితే నోటివెంట కాకి అరుపులాంటి శబ్దం తప్ప మరేదీ రాదు. తల్లి వెళ్లింది పదకొండు గంటలకు. నాటి నుంచి ఆ పిల్లవాడు 11 నిమిషాలకు మించి దేనిమీదా మనసు నిలపలేకపోతాడు. ఈ ఒక్క వివరం చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

తండ్రికి మాట తిరిగి తెచ్చేందుకు హారూన్ కహానీ అనే మరో చంద్రుడి మీదికి వెళతాడు. అక్కడి సముద్రంలో రంగురంగుల పాయలు ప్రవహిస్తుంటాయి. ఒక్కొక్క పాయ ఒక్కొక్క కథ, ద్రవరూపంలో ఉన్నందువల్ల అవి ఒకదానితో ఒకటి కలిసి కొత్త కథలవుతుంటాయి. నీకు వెంటనే కథాసరిత్సాగరం గుర్తుకొస్తుంది. 11వ శతాబ్దంలో కశ్మీరంలో సోమదేవుడు రాసిన ఆ గ్రంథానికి మూలమైన బృహత్కథను శాతవాహన రాజు తిరస్కరించినందుకు, దాన్ని రాసిన గుణాఢ్యుడు అడవిలో జంతువులకు చదివి వినిపిస్తూ ఒక్కొక్క పుటనే మంటలో వేశాడన్న గాథను మనం చిన్నప్పుడే విన్నాం కదా.

ఆ చంద్రుడి మీద గప్ (కబుర్లు), చుప్ (మౌనం) అని రెండు రాజ్యాలుంటాయి, వాటి మధ్య యుద్ధం వస్తుంది. హైదరాబాదులో గప్‌చుప్ తింటూ పెరిగిన మీవాడికి ఈ పేర్లు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది యుద్ధానికి ముందు ఘట్టం: గప్ సైనికులు ప్రతి ఆజ్ఞ మీదా ఎడతెగకుండా వాదించుకుంటుంటే వీరు ఓడిపోవడం ఖాయమనిపిస్తుంది, కానీ మనసులోని మాటలన్నీ బయటికి చెప్పుకున్నందువల్ల వారు ఒక్కటిగా నిలబడతారు, మౌనానికి అలవాటుపడిన చుప్ సైనికులు ఒకరినొకరు నమ్మలేక చెదిరిపోతారు. 1989 ఫిబ్రవరిలో ఇరాన్ మతనాయకుడు తన మీద ప్రకటించిన మరణశాసనం వల్ల అజ్ఞాతంలో గడుపుతూ, రష్దీ తన కొడుకు జఫర్ కోసం రాసిన పుస్తకమిది. అంకిత పద్యంలోని పంక్తుల మొదటి అక్షరాలు కలిపితే ఆ పిల్లవాడి పేరు వస్తుంది.

ఇంగ్లీషు శ్లేషలు ఎక్కువ కనుక మొదటి రెండు మూడు అధ్యాయాలు నువ్వే పైకి చదివి వినిపించు. మొత్తం 12 అధ్యాయాలు. రాత్రికి ఒకటి చాలు. పుస్తకాన్ని రేపు పోస్టులో పంపుతున్నాను. పేరు మరిచిన ఆ ఊరికి చివర్లో తన పేరు గుర్తుకొస్తుంది. ఆ పేరేమిటో నేను చెప్పను, మీవాడినే చదివి నాకు రాయమను.

నీ మిత్రుడు