రెండో గ్లాసు దగ్గరే దొరికిపోతన్నా మామా

ఒరేయ్ మామా,

ఎట్టుండావురా? ఫోన్లో రెండు ముక్కలు చెప్తే నువ్వు నవ్వి పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం. సిగరెట్టు ఆపి 40 రోజులైంది. నవ్వబాక, మూడోసారేలే, తెలుసు. పోయిన రెండుసార్లు యాడ పడ్డానో గుర్తుందా, ఒకసారి మీ తమ్ముడి పెళ్ళిలో, ఇంకోసారి కొత్తపట్నం బీచ్ దగ్గర, రెండుసార్లూ చేతిలో బీరే. పగలంతా డ్యూటీలో దమ్ము ఊసే ఉండదు, రెండో గ్లాసు దిగంగానే చెయ్యి దానంతటదే పక్కోడి పెట్టె మీదకి పోద్ది.

నాకు రోషం లేదులే అనుకునేవోణ్ణి. డాక్టరమ్మ ఇంకోటి చెప్పింది. దమ్ము లాగిన 10, 20 సెకన్లలోనే పొగాకులో ఉండే నికోటిన్ మెదడుకెక్కి అక్కడి రిసెప్టర్లకి, అంటే దాన్ని పట్టుకునే కొక్కేల్లాంటోటికి అతుక్కుంటే డోపమిన్ అని మళ్ళీ కావాలనిపించే రసాయనం ఊరుద్దంట. మందు ఇంకో దారిలో పోయి అదే డోపమిన్ని పెంచుద్ది, పైగా ఆ నికోటిన్ రిసెప్టర్లనీ కెలుకుద్దంట. ఏళ్ళ తరబడి రెండూ కలిపి కొట్టామా, ఇంక గ్లాసు కనపడితే చాలు సిగరెట్టు ఏదిరా అని మెదడే అడుగుద్ది, వద్దురా అని ఆపాల్సిన భాగమేమో అప్పటికే మందుకి మొద్దుబారి ఉంటది. రోజూ గట్టిగా మందు తాగేవోళ్ళకైతే లివరు నికోటిన్ని తొందరగా కరిగించేస్తది, ఇంకో సిగరెట్టు ఇంకా ముందే కావాల. పెట్టెలు పెట్టెలు ఎందుకు ఖాళీ అయ్యేవో ఇప్పుడర్థమైంది.

తమాషా ఏందంటే, కొండపిలో మా నాయన పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రింబవళ్ళు పొయ్యి ఆరకుండా చూసుకుని, ఆ ఆకు వేలంలో అమ్మి నన్ను చదివించాడు, ఆయన మాత్రం చుట్ట కూడా ముట్టలా. మంచులో తడిసిన ఆకు కోసొచ్చిన రోజు అమ్మకి వాంతులు, తలతిప్పడం, ఎండదెబ్బనుకునేవోళ్ళం. అదీ నికోటినేనంట, చర్మంలోంచి దిగుద్ది. కష్టపడి అమ్మిన సరుకుని నేను డబ్బులిచ్చి మళ్ళీ కొనుక్కున్నా!

అందుకే ఈ సంక్రాంతికి బాటిలు తేబాక. జన్మంతా కాదులే, ఇప్పటికైతే రెండూ బంద్. అమ్మ చేపల పులుసు చేస్తది, నువ్వు గ్లాసు తీస్తే మాత్రం నేను లేచి వెళ్ళిపోతా, అలగొద్దు. ఆఁ, భోగి మంటకి అగ్గిపెట్టె నువ్వే పట్టుకురా, ఇంట్లో ఉన్నయ్యన్నీ మీ చెల్లెలు యాడ దాచిందో దానికే గుర్తులేదు.

నీ మామ