చవితి మిగులు, చందాల సొమ్ము: జమా ఖర్చుల వివరణ

మన నల్లకుంట అపార్ట్‌మెంట్ నివాసులకు నమస్కారం. 2024 వినాయక చవితి నుంచి 2025 మే నెలాఖరు దాకా సేవా పనుల కోసం వసూలైన డబ్బు, దాని ఖర్చు ఇదీ.

జమ: 48 ఫ్లాట్లలో 41 ఫ్లాట్ల వాళ్లు 1,500 చొప్పున ఇచ్చినవి 61,500. లడ్డూ వేలం 21,116. (బాలాపూర్ లడ్డూ కూడా 1994లో 450 రూపాయలతోనే మొదలైంది, మనం మరీ తీసిపోలేదు.) పాత పేపర్లు, అట్టపెట్టెలు అమ్మగా 2,340. మొత్తం 84,956 రూపాయలు. ఇవ్వని 7 ఫ్లాట్ల నంబర్లు బోర్డు మీద రాయమని ఇద్దరు అడిగారు. రాయం.

ఖర్చులో ముందు మా పొరపాటు చెప్పుకోవాలి. ఒక ఆదివారం ఓ ప్రభుత్వ ఆసుపత్రి గేటు దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు పంచుదామని 150 పులిహోర ప్యాకెట్లు కట్టించాం. ప్యాకెట్ 45, ట్రాలీ ఆటోకు 600, వెరసి 7,350. తీరా వెళితే అప్పటికే మూడు వ్యాన్లు ఆగి ఉన్నాయి, మూడింట్లోనూ పులిహోరే. 60 ప్యాకెట్లు మిగిలితే ఆటోస్టాండులో ఇచ్చి వచ్చాం. మనవడితో వచ్చిన ఒక పెద్దామె, "ఐతారం మస్తు పెడ్తరు బిడ్డా, మంగళారం ఎవ్వరు రారు" అంది. ఆ మాట పట్టుకుని మూడు మంగళవారాలు పొద్దున్నే 120 మందికి ఉప్మా, చట్నీ తీసుకెళ్లాం. ప్లేటు 35, ఆటోతో కలిపి మూడు వారాలకు 14,400. ఒక్క ప్లేటూ మిగల్లేదు.

మిగతాది ఎవరికివ్వాలన్న దగ్గర రెండు మీటింగులు వేడెక్కాయి. ఫోన్ చేసి ఏడుపు గొంతుతో విరాళం అడిగిన ఒక సంస్థను ఆడిట్ లెక్కలు చూపమన్నాం. మళ్లీ ఫోన్ రాలేదు. చివరికి 1998 నుంచి నగరంలో పనిచేస్తున్న థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి వెళ్లి, చూసి, 55,000 చెక్కు ఇచ్చాం. థలసీమియా పుట్టుకతో వచ్చే రక్త జబ్బు, అది తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మేం వెళ్లినప్పుడు ఎనిమిదేళ్ల కుర్రాడొకడు ఎడమచేతికి రక్తం ఎక్కుతుంటే కుడిచేత్తో ఎక్కాలు రాసుకుంటున్నాడు. ఏడో ఎక్కం దగ్గర ఆగి, బ్యాగు వైపు చూసి, "ఇంకెంతసేపు?" అని అమ్మను అడిగాడు.

ఎండాకాలంలో కాలేజీలకు సెలవులు, శిబిరాలు తగ్గి రక్తానికి కటకట. అందుకే మేలో మన సెల్లార్‌లో రక్తదాన శిబిరం పెట్టించాం. 27 మంది వచ్చారు, 8 మందిని డాక్టర్ వద్దన్నారు, ఎక్కువమందికి హిమోగ్లోబిన్ 12.5 కంటే తక్కువ. 19 మంది ఇచ్చారు. పండ్లు, జ్యూస్ 1,940, బ్యానర్ 850. ఇచ్చిన మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వొచ్చు. జిరాక్సులు 310.

మొత్తం ఖర్చు 79,850. బ్యాంకు నిల్వ 5,106.

ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు కొందరు అడిగారు. చెక్కు అసోసియేషన్ పేరున వెళ్లింది కాబట్టి విడివిడిగా రాదు. కావాల్సినవాళ్లు ఇకమీదట నేరుగా సంస్థకే పాన్ నంబరుతో కట్టుకోండి. నగదు 2,000 దాటితే మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు.

బిల్లుల ఫైలు వాచ్‌మన్ దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఉప్మా తెచ్చిన కేటరర్ పెద్ద గరిటె ఇంకా తిరిగి చేరలేదు. ఎవరింట్లో ఉంటే ఆ ఫైలు పక్కనే పెట్టండి.