‘ఈ వారం రావద్దు’ అన్న ఆవిడకు, మిగతా అందరికీ

పోయిన నెలంతా కనిపించిన ప్రతివాళ్లనీ ఒకటే అడిగి విసిగించాను. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టాలంటే ఎక్కడ దిగాలి, ఏం కొనాలి, ఎవరిని నమ్మాలి అని. మొన్న శనివారం వెళ్లాం, క్షేమంగా తిరిగొచ్చాం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలంటే నెల పట్టేలా ఉంది, అందుకే ఇలా రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం: మాకు పాప పుట్టిందని అమ్మానాన్న డిసెంబర్‌లో ఆకివీడు నుంచి మినియాపాలిస్ వచ్చారు. అమ్మకి పాపతో రోజు తెలియడం లేదు. నాన్నకే ఏమీ తోచదు. కొల్లేట్లో దోనె మీద తిరిగిన మనిషి కిటికీ దగ్గర కూర్చుని మంచు ఊడ్చే బండ్లని లెక్కపెట్టుకుంటున్నారు. ఒకరోజు టీవీలో ఎవరో ఐస్‌కి కన్నం పెట్టి గాలం వేస్తుంటే చూసి, “ఒరేయ్, ఇదెక్కడ? మనం వెళ్లలేమా?” అన్నారు. ఎనిమిదేళ్లుగా ఇక్కడున్నాను, ఒక్కసారీ వెళ్లింది లేదు. అయినా “ఎందుకు వెళ్లలేం” అనేశాను.

మిలాక్స్ సరస్సు అనుకున్నాను. మా ఊరికి ఉత్తరంగా 169 హైవే మీద రెండు గంటల లోపే. రెండు వందల చదరపు మైళ్ల నీళ్లు, లోతు మాత్రం ఎక్కడా 45 అడుగులు దాటదు. వాలై చేపకి పెట్టింది పేరు. అంతకుమించి ఆ సరస్సు గురించి నాకేమీ తెలియదు. ఫోన్‌లో లోతుల మ్యాప్ ఒకటి దించుకుని, నాన్న మోకాళ్ల నొప్పి గుర్తుపెట్టుకుని, తక్కువ నడిచేలా ఒక చోటు చూశాను. నైరుతి మూల, రమ్ నది సరస్సులోంచి బయలుదేరే చోటికి దగ్గర్లో. రోడ్డు పక్కనే ఒడ్డు. ఐస్ పదకొండు అంగుళాలు ఉందని ఎక్కడో చదివాను. మనిషి నడవడానికి నాలుగు అంగుళాల మంచి ఐస్ చాలని ఇక్కడి సహజ వనరుల శాఖ వాళ్లే చెబుతారు. ఇంకేం, జనవరి మొదటి శనివారం ముహూర్తం పెట్టేశాను.

బయలుదేరడానికి రెండు రోజుల ముందు, ఎరకి బతికున్న చేపపిల్లలు ఎంతకిస్తారో కనుక్కుందామని అక్కడి ఎరల కొట్టుకి ఫోన్ చేశాను. ఒకావిడ తీసింది. ధర చెప్పి, “ఎక్కడ దిగుతున్నారు?” అంది. చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత, “ఆ పదకొండు అంగుళాలు ఎవరు కొలిచారు? ఎక్కడ కొలిచారు?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ కొట్టులో జనం ఉన్న సద్దు వినిపిస్తూనే ఉంది. అయినా పావుగంట మాట్లాడింది. నది బయలుదేరే చోట అడుగున నీళ్లు కదులుతూనే ఉంటాయట. పైనుంచి చూస్తే అంతా ఒకేలా తెల్లగా ఉంటుంది, కిందనేమో ఐస్ కోసుకుపోతుంటుంది. ఇంత పెద్ద సరస్సులో ఒక మూల అడుగు మందం ఉంటే ఇంకో మూల అందులో సగం కూడా ఉండకపోవచ్చు. పైగా గడ్డకట్టీ కట్టకముందే మంచు కురిసి దుప్పటిలా కప్పేసింది, చలి లోపలికి దిగక ఐస్ ఎదగలేదు. రంగు కూడా చూడాలట. నీలంగా, అద్దంలా ఉంటే గట్టిది. పాలలా తెల్లగా ఉంటే దాని బలం సగమే, అందుకని మందం రెండింతలు కావాలి. చివరికి, “ఈ వారం రావద్దు. మీ నాన్నగారిని తీసుకుని అసలు రావద్దు. తర్వాత ఫోన్ చేయండి, నేను చెబుతాను” అంది.

చేపపిల్లలు అమ్ముకుని బతికే మనిషి చేతికొచ్చిన బేరాన్ని వద్దని పంపేసింది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆవిడే. తెలుగు చదవలేదు కాబట్టి ఇంగ్లీషులో ఒక కార్డు రాసి విడిగా పంపాను.

మూడో వారంలో ఫోన్ చేస్తే, వాయవ్యంలో గ్యారిసన్ వైపు నుంచి వెళ్లమంది. అక్కడి రిసార్టుల వాళ్లు ఐస్ మీద మంచు ఊడ్చి రోడ్లు వేస్తారు, పగుళ్ల మీద వంతెనలు పరుస్తారు, రోజూ మందం కొలుస్తారు. దానికి కొంత డబ్బు తీసుకుంటారు. అంతకుముందు నాకది దండగ అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

ఇక మా పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటాయి, చిన్నప్పటి నుంచీ ఇదే పని. మా గ్యారేజీలోకి వచ్చి నేను కొన్న సామానంతా చూసి, సగం తిరిగి ఇచ్చేయమన్నాడు. తన ఐస్ గడ్డపార, చేత్తో తిప్పే డ్రిల్లు, గుడారం, గ్యాస్ హీటరు ఇచ్చాడు. గుడారంలో హీటరు పెడితే గాలి ఆడాల్సిందేనని చెప్పి, కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా చేతిలో పెట్టాడు. మెడలో వేసుకోవడానికి తాడుకి కట్టిన రెండు మేకుల పిడులు ఇచ్చి, మా హాల్లో కార్పెట్ మీద బోర్లా పడుకుని మరీ చూపించాడు. ఐస్ విరిగి పడితే వచ్చిన దారి వైపే తిరగాలి, కాళ్లు తన్నుకుంటూ మేకులు గుచ్చి పైకి పాకాలి, పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ పోవాలి. అమ్మ పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆయన ఊరుకోకుండా, 2022 నవంబర్‌లో అప్పర్ రెడ్ లేక్‌లో ఐస్ పలక విడిపోయి దాదాపు 200 మంది దాని మీద చిక్కుకుపోయిన సంగతి కూడా చెప్పాడు. ఆ రాత్రి అమ్మని ఒప్పించడానికి నాకు రెండు గంటలు పట్టింది. ఆ ఒక్కదానికి మాత్రం ఆయనకి థాంక్స్ చెప్పను.

ఐస్ మీద వేసిన ఆ రోడ్డులో బండి నెమ్మదిగా పోనిచ్చాను, సీటు బెల్టులు తీసేసి, కిటికీలు దించి. అదీ పెద్దాయన మాటే. వేగంగా వెళ్తే బండి బరువుకి ఐస్ కింద నీళ్లలో అల పుడుతుందట. బయట మైనస్ 20. దిగిన చోట ముందు గడ్డపారతో పొడిచి చూశాం, తర్వాత డ్రిల్లు. రెండు నిమిషాలు తిప్పేసరికి నా భుజాలు పోయాయి. నాన్న లాక్కుని తిప్పారు. కొబ్బరి కోరులా ఐస్ పొడి చుట్టూ కుప్ప పడింది. ఉన్నట్టుండి డ్రిల్లు జారి, నల్లటి నీళ్లు గుబుక్కున పైకొచ్చాయి. నాన్న గ్లవ్ తీసి కన్నంలోకి చెయ్యి పెట్టి కొలిచి, “దగ్గర దగ్గర రెండు జానలుందిరా” అన్నారు. టేపు పెట్టి చూస్తే పదిహేడు అంగుళాలు. కన్నంలో తేలే ఐస్ ముక్కల్ని చిల్లుల గరిటెతో, బూందీ తీసినట్టు తీస్తూ కూర్చున్నారు. ఇక్కడ దానికని వేరే గరిటె అమ్ముతారు. మేం ఇంట్లోదే పట్టుకెళ్లాం.

మధ్యాహ్నం ఒక్కసారిగా ఐస్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఉరిమినట్టు మోగింది. ఇద్దరం లేచి నిలబడ్డాం. పక్క గుడారం కుర్రాడు నవ్వి, చలికి ఐస్ సర్దుకుంటుంటే వచ్చే చప్పుడని చెప్పాడు. తర్వాత మా గాలం లోతు సరిచేసి, అడుగుకి ఒక అడుగు పైన ఉంచమన్నాడు. ఆ అబ్బాయి పేరు అడగడం మర్చిపోయాను.

అప్పటినుంచి పసుపు పెర్చ్ చేపలు ఆరు పడ్డాయి. పొద్దు వాలుతుండగా, అందరూ చెప్పినట్టే, ఒక వాలై పడింది. ఆ వెలుతురులో దాని కళ్లు పిల్లి కళ్లలా మెరిశాయి. పొడవు కొలిస్తే ఉంచుకోవడానికి అనుమతించిన కొలతలో లేదు. వదిలేయాలన్నాను. “పడ్డ చేపని వదిలేయడమేంట్రా, పిచ్చా?” అన్నారు నాన్న. మిలాక్స్‌లో ఏ కొలత చేప ఉంచుకోవచ్చో మారుస్తుంటారు, 1837 ఒప్పందం ప్రకారం ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగలకూ ఇక్కడ వేట హక్కు ఉంది, అమెరికా సుప్రీంకోర్టు 1999లో ఆ హక్కును నిలబెట్టింది, అందుకే పట్టే చేపల్ని వాళ్లూ రాష్ట్రమూ లెక్కగా పంచుకుంటారు అని చెప్పుకొచ్చాను. అంతా విని, చేపని రెండు చేతులా కన్నంలోకి దించి, అది తోక ఆడించి మాయమయ్యేదాకా చూశారు. “మన కొర్రమేను అయితే ఇక్కడ ఊపిరాడక చచ్చేది” అన్నారు. పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కదా.

నాన్న పేరు మీద నాన్‌రెసిడెంట్ లైసెన్సు తీయాలని గుర్తుచేసిన ఆఫీసు తమ్ముడూ, నీకూ థాంక్స్. నా లైసెన్సు చాలనుకున్నాను. వుడ్‌బరీ అక్కా, నువ్విచ్చిన ఫ్లాస్కులో టీ సాయంత్రం దాకా పొగలు కక్కింది. పెర్చ్ పులుసు అమ్మ పెట్టింది, పక్కింటి పెద్దాయనకి ఒక డబ్బా పంపాం. కారం ఎక్కువైందని చెప్పి, ఇంకో డబ్బా అడిగాడు.

బూట్లిచ్చిన అన్నా, రెండు జతలూ ఆరబెట్టాను, ఆదివారం తెచ్చిస్తాను. కిందకి తగిలించుకునే ముళ్ల పట్టీల్లో ఒకటి కనబడటం లేదు. బహుశా మిలాక్స్‌లోనే ఉంది. కొత్తది కొనిస్తాను, సైజు చెప్పు.