శ్రుతి పెట్టె పాడైతే పారేయడమేనా?

ఎడిటర్ గారికి,

తిరుపతి జిల్లా ఎలక్ట్రానిక్స్ హబ్ అయిపోయిందని పేపర్లలో తరచూ చదువుతున్నాం. నిజమే, రేణిగుంట చుట్టుపక్కల టీవీలు, ఫోన్ల సామాను తయారవుతున్నాయి, కాదనను. కానీ ఇదే ఊళ్లో ఒక శ్రుతి పెట్టె, అంటే పాటకి ఆధార స్వరం మోగించే ఎలక్ట్రానిక్ తంబూరా, మూగబోతే విప్పి చూసే మనిషి దొరకడం లేదు. మా వీధిలో పిల్లలకి సంగీతం చెప్పే ఒకావిడ తన శ్రుతి పెట్టె తీసుకుని ఒక షాపుకు వెళ్తే, మూత కూడా తీయకుండా "దీనికి స్పేర్లు రావమ్మా, కొత్తది తీసేసుకోండి" అని పంపించేశారు.

తీరా విప్పి చూస్తే పవర్ వచ్చే చోట ఉన్న 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కరెంటుని కాసేపు దాచుకునే చిన్న గొట్టం లాంటి భాగం) తల ఉబ్బి ఉంది, అంతే. అది టీ ఖర్చుతో పోయే పని. మన ఎండలకి ఈ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపలి ద్రవం ఆరిపోతుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఇంజినీర్లు లెక్క కడతారు, కాబట్టి పాత పెట్టెల్లో ముందు అనుమానించాల్సింది వాటినే. ఆ తర్వాత అడాప్టర్ పిన్ను దగ్గర విరిగిన టంకం, దుమ్ము పట్టిన వాల్యూమ్ కంట్రోలు. చాలామటుకు రోగాలు ఇక్కడే తేలిపోతాయి, ఐసీ, అంటే లోపలి చిప్పు, దాకా పోవాల్సిన పనే ఉండదు.

అయినా మనవాళ్లు ముందు ఐసీనే పీకుతారు, ఎందుకో!

సౌండ్ రాని సర్క్యూట్‌ని వెతకడానికి సిగ్నల్‌ని తెర మీద గీతలా చూపించే ఖరీదైన ఆసిలోస్కోపు అక్కర్లేదు. మామూలు కంప్యూటర్ స్పీకర్‌కి ఉండే ఆడియో వైరు (కంప్యూటర్‌కి గుచ్చేది, కరెంటుది కాదు) కోసి, గ్రౌండుని సర్క్యూట్ గ్రౌండుకి తగిలించి, రెండో వైరుకి ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కట్టుకుంటే చాలు. దాన్ని అవుట్‌పుట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి ఒక్కో చోటా తాకిస్తూ పోతే, సౌండ్ ఎక్కడ వినపడుతుందో అక్కడికీ దాని ముందు తాకిన చోటుకీ మధ్యలోనే తప్పు ఉంటుంది.

ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు అంటే ఎల్ఈడీ వెలిగించడం, గీత మీద నడిచే రోబో, ఈ రెంటి దగ్గరే ఆగిపోతున్నారని నాకనిపిస్తుంది. ఒక శ్రుతి పెట్టె కట్టమనండి, అసలు విద్య అప్పుడు వస్తుంది. 1972లో మార్కెట్లోకి వచ్చిన 555 టైమర్ ఐసీ ఇప్పటికీ కారుచౌక. దానికి 1కె, 27కె రెసిస్టర్లు (కె అంటే వెయ్యి ఓములు), 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే లెక్క ప్రకారం సుమారు 262 హెర్ట్జ్ వస్తుంది, అంటే సరిగ్గా ఒకటో శ్రుతి షడ్జమం, 'స'. అది కాగితం మీద. కట్టి చూస్తే ఆ షడ్జమం ఎక్కడో పలుకుతుంది, ఎందుకంటే ఒక స్వరస్థానానికీ పక్కదానికీ తేడా 6 శాతమే, చవక సిరామిక్ కెపాసిటర్ రాసినదానికంటే 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, పైగా మధ్యాహ్నం వేడికి జారిపోతుంది కూడా. పాలిస్టర్ కెపాసిటర్ వేసి, 27కె బదులు 22కె, దానికి వరసలో 10కె ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) పెట్టి తిప్పుకుంటే దారికొస్తుంది. 555లో రీసెట్ అనే 4వ పిన్నుని పాజిటివ్‌కి కలపకుండా గాల్లో వదిలేశారా, ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదు, పిల్లాడికి టెన్షన్. మీటరు చూడకముందే ఇవన్నీ చెవి పట్టేస్తుంది, అందుకే చెప్తున్నా.

ఇక సామాను సంగతి. ఫోన్ డిస్‌ప్లే ఏ సందులోనైనా దొరుకుతుంది గానీ, ఒక మంచి పొటెన్షియోమీటర్ (వాల్యూమ్ తిప్పే భాగం) అడిగితే మన మొహం చూస్తారు. ఆన్‌లైన్‌లో పది రూపాయల వస్తువుకి డెలివరీ చార్జీ దానికి అయిదింతలు. లేదంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌కి పోవాలి.

నేను అడిగేది ఒకటే. అలిపిరి దారిలో రీజినల్ సైన్స్ సెంటర్ ఉంది, ఊరి నిండా ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, వాటి ల్యాబులకి సాయంత్రం తాళాలు పడతాయి. వారానికి ఒక సాయంత్రం, ఎవరో ఒకరు, కాలేజీ ఐడీ కార్డు అడక్కుండా ఒక బెంచీ తెరిచి పెట్టండి. సంగీత కళాశాల పిల్లలూ ఎలక్ట్రానిక్స్ పిల్లలూ అక్కడ కలవాలి, ఒకరికి శ్రుతి తెలుసు, ఇంకొకరికి సర్క్యూట్ తెలుసు, ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండి ముఖాలు చూసుకోరు. రెండు సోల్డరింగ్ ఐరన్లు, ఒక మల్టీమీటరు, పాత స్పీకరు, డబ్బా నిండా రెసిస్టర్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. నేర్పడానికి రిటైరైన రేడియో మెకానిక్కులు ఊళ్లో ఇంకా ఉన్నారు, పిలిస్తే వస్తారు, నేనూ వస్తాను. పిల్లలు కట్టేవి మాత్రం 9 వోల్టుల బ్యాటరీ మీదే నడవాలి, నేరుగా 230 వోల్టుల కరెంటుకి తగిలించే పెట్టెల్ని పెద్దవాళ్లే విప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి