చాక్లెట్ ప్రకటన, మన ఎర్రమల్లె అమ్మాయి

కడప

పాపా,

ప్రకటనలు రాసి మేం చేసేది జనానికి సరుకు అంటగట్టడమే కదమ్మా అని మొన్న అన్నావే, ఆ మాట నన్ను వదలడం లేదు. ఫోన్లో చెప్తే సగంలోనే పని ఉందంటావు. అందుకే రాస్తున్నా.

మా చిన్నప్పుడు టీవీలో డైరీ మిల్క్ ప్రకటన వచ్చేది. పిల్లగాడు సిక్స్ కొడతాడు. పూల గౌను వేసుకున్న పిల్ల కావలివాళ్లను తప్పించుకుని గ్రౌండ్లోకి ఉరికి చిందులేస్తుంది. ఆ పిల్లంటే మాకందరికీ ప్రాణం. 2021 సెప్టెంబరులో క్యాడ్‌బరీవాళ్లు దాన్నే తిరగేసి తీశారు. బ్యాటు అమ్మాయి చేతికి వచ్చింది, చిందులేసే పని అబ్బాయికి పోయింది. చివర్లో ‘గుడ్ లక్ గర్ల్స్’ అని దీవించారు.

అప్పటికి నిజంగా ఉన్నదేంది? 2017లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ మీద 9 పరుగుల తేడాతో చేజారిన ప్రపంచకప్పు. అమ్మాయిల ప్రీమియర్ లీగ్ 2023 దాకా రానే లేదు. మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామని క్రికెట్ బోర్డు చెప్పింది కూడా 2022లోనే. సంబంధం కుదరకముందే పందిరి వేసినట్టు, కప్పు రాకముందే ఆ ప్రకటన పండగ చేసేసింది.

నాలుగేళ్లకు పెళ్లి కుదిరింది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో వాన వల్ల ఆలస్యంగా మొదలైన ప్రపంచకప్పు ఫైనల్ అర్ధరాత్రి దాకా సాగింది. మనవాళ్లు 298 కొట్టి, దక్షిణాఫ్రికాను 246కే కట్టేశారు. దీప్తి శర్మకు అయిదు వికెట్లు, షఫాలీకి 87 పరుగులు. ఆ టోర్నీ లీగు దశలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడినప్పుడు ఇంటికి పోతారనుకున్న జట్టే ఇది! ప్రకటనలో బంతి హద్దు దగ్గర ఫీల్డరుకు అందీ అందకుండా దాటిపోతుంది కదా. ఈ ఫైనల్లో సెంచరీ కొట్టిన దక్షిణాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ బంతిని గాల్లోకి లేపితే అమన్‌జోత్ చేతుల్లోంచి రెండుసార్లు ఎగిరిపడి, మూడోసారి దొరికింది. అంత ఉత్కంఠ ఏ ప్రకటన రాసేవాళ్లకు తోస్తుంది చెప్పు!

ఆ జట్టులో స్పిన్నర్ శ్రీచరణి ఉండడం మాత్రం నాకు అన్నిటికంటే గొప్ప. ఇక్కడే, వీఎన్ పల్లె మండలం ఎర్రమల్లె. నాయన ఆర్టీపీపీ థర్మల్ కరెంటు కేంద్రంలో ఉద్యోగి. ఆ ప్రకటన వచ్చేనాటికి ఆమెకు పదిహేడేళ్లు, మన జిల్లా దాటితే ఆమె పేరు ఎవరికి తెలుసు? 2025 ఏప్రిల్‌లో మొదటి వన్డే ఆడింది, నవంబరుకు ప్రపంచకప్పు ఎత్తింది. టోర్నీలో 14 వికెట్లు. విశాఖలో ఆస్ట్రేలియా మీద మూడు తీసింది, ఫైనల్లో దక్షిణాఫ్రికా బ్యాటర్ బాష్‌ను సున్నాకే ఎల్బీడబ్ల్యూ చేసింది. ఆ వికెట్ పడ్డప్పుడు మీ జేజి మంచం మీది నుంచి లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పి కూడా గుర్తు రాలేదు ఆమెకు.

ఆ కప్పు ప్రకటన వల్ల వచ్చిందని నేననను. బంతి తిప్పీ తిప్పీ వేళ్లు కాయలు కాచినాయి ఆ పిల్లలకు. చాక్లెట్ కంపెనీ చాక్లెట్ అమ్ముకుంది, అంతే. రెండూ ఇట్ల కలిసిరావడం అదృష్టం. అయినా, బ్యాటు అమ్మాయి చేతిలో పెడదామని ఏదో ఒక గదిలో కూర్చుని ఒకరు అనుంటారు కదా. నీలాంటి ఉద్యోగం చేసేవాళ్లే. ఎన్ని ఇళ్లల్లో ఎందరు నాయనలు అది చూసి ఉంటారో, కూతురు బ్యాటు కావాలంటే వద్దనే ముందు ఒక్క క్షణం ఆగి ఉంటారో! అది సరుకు అంటగట్టడం కిందికి రాదు.

మీ ఆఫీసులో సిమెంటుకో బ్యాంకుకో ప్రకటన రాసేటప్పుడు గ్రౌండ్లో ఆడేది ఆడపిల్లయితే ఎట్లుంటుందని నువ్వే అడుగు. క్రికెట్టే కానక్కర్లేదు, ఖోఖో అయినా కబడ్డీ అయినా సరే. వద్దంటే ఇంకో ప్రకటనకు మళ్లీ అడుగు. తీసినప్పుడు నాకు ముందే ఫోన్ చెయ్యి, జేజిని టీవీ ముందర కూర్చోబెడతా.

మీ అమ్మ